ఎత్తు తగ్గిన సైకిలు

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మలుపు దగ్గర బ్రహ్మం సైకిలు దుకాణం ఉంది. దానికి బోర్డు లేదు. బ్రహ్మం నోరే బోర్డు, రోడ్డుకు అవతలి పక్క నుంచి కూడా వినబడుతుంది. వయసు యాభై రెండు. ముప్పై ఏళ్ళుగా అతనికి పేరు తెచ్చిన పని ఒకటే, హ్యాండిళ్ళు లేపడం. కొత్త సైకిలు హ్యాండిలుకు పాలక్యాన్లు తగిలిస్తే అవి మోకాళ్ళకు కొట్టుకుంటాయి. అందుకని చుట్టుపక్కల పాలవాళ్ళంతా సైకిలు కొనగానే ముందు బ్రహ్మం దగ్గరికి తెస్తారు. అతను హ్యాండిలు జానెడు లేపి కడతాడు. ఆపైన క్యాను క్యాను దారిన, మోకాలు మోకాలి దారిన పోతాయి. "చేతులు పైనుంటే మనదే పైచేయి" అన్నది బ్రహ్మం నమ్మిన శాస్త్రం. ఎత్తు తగ్గించమని ఇన్నేళ్ళలో అతన్ని అడిగినవాళ్ళు లేరు. అడిగినా అతనికి వినబడేది కాదు.

అట్లాంటి దుకాణానికి ఒకరోజు జెస్సీ సైకిలు వచ్చింది.

జెస్సీ ఇశ్రాయేలు కూతురు. ఇశ్రాయేలు పలకల ఫ్యాక్టరీలో రాయి చీలుస్తాడు. ఎంత పలచన అడిగితే అంత పలచన. అతని చేతిలో రాయి పలుకుతుంది, అందుకే అది పలక అయిందని బ్రహ్మం వాదన. కూతురు ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. పిల్లలు డ్రిల్లు మేడం అంటారు. "డ్రిల్లు కాదు, థ్రిల్లు మేడం" అంటాడు బ్రహ్మం. అందులో అబద్ధమేమీ లేదు. ఊరి బయట మూతబడిన గని చుట్టూ పనికిరాని పలకరాయి గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఆ గుట్టల మీది నుంచి సైకిలుతో గాల్లోకి లేవడమే జెస్సీ ఆట. ఆదివారం ప్రార్థన కాగానే అక్కడికి పోతుంది. మామూలు సైకిలుతో ఏడాది పాటు దూకి, దాని ఎముకలన్నీ విరిచి, చివరికి బెంగుళూరులో ఎవరో వాడి వదిలిన సైకిలొకటి బస్సు మీద వేయించి తెప్పించుకుంది. దాన్ని డర్ట్ జంప్ బైకు అంటారట.

"డర్టు జంపు కాదమ్మాయ్, డర్ జంపు. పేరులోనే భయం పెట్టినారు చూడు" అన్నాడు బ్రహ్మం దాన్ని మొదటిసారి చూసి.

చూడ్డానికి అది సైకిలు పిల్లలాగా ఉంది. గేర్లు లేవు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. బ్రేకు ఒక్కటే, అదీ వెనక చక్రానికి. సీటుంది గాని కూర్చోకూడదట, కాలేజీలో సీటొచ్చినా కాలేజీకి పోకూడదన్నట్టు. ముందు చక్రాన్ని రెండు లావుపాటి గొట్టాలు పట్టుకుని ఉన్నాయి, లోపల స్ప్రింగుతో. దాన్ని ఫోర్కు అంటారు. బ్రహ్మం తన బరువంతా వేసి అదిమినా అది అంగుళం కంటే దిగలేదు.

"మామా, ఫోర్కు విప్పి గ్రీజు పెట్టు, అంతే. ఇంకేం ముట్టుకోవద్దు" అని చెప్పి బడికి పోయింది జెస్సీ.

ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే చేతులు కావు బ్రహ్మంవి. ఫోర్కు విప్పితే లోపల కడ్డీకి తొడిగి తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ముక్క కనబడింది. స్ప్రింగుకు అడ్డంగా కూర్చుని ఉంది. 'ఎవడో పనిరానివాడు చెత్త ఇరికించినాడు' అనుకుని పీకి, పాత సామాన్ల గోతంలోకి విసిరేశాడు. ఫోర్కు బిగించి నిలబెడితే ముందు భాగం ఠీవిగా పైకి లేచింది, అదిమితే మెత్తగా దిగింది. బ్రహ్మానికి ఆనందం. అక్కడితో ఆగినా బాగుండేది. హ్యాండిలుకు పైన మూడు, కింద ఒకటి వాషర్లున్నాయి. నాలుగూ కిందికి వేసి హ్యాండిలు కూడా లేపాడు. కూలి లేని కొసరు అది, ప్రేమ కొద్దీ చేసింది.

సాయంత్రం జెస్సీ ఎక్కి చూసి, "హ్యాండిలు లేపినావా?" అంది అనుమానంగా.

"కొసరు. రోడ్డు మీద పోయి చూడు."

తర్లుపాడు రోడ్డు గుంతల మీద ఆ సైకిలు ఇడ్లీల మీద పోయినట్టు పోయింది. జెస్సీ నవ్వుతూ తిరిగొచ్చింది. ఫోర్కు లోపలి ముక్క సంగతి బ్రహ్మం చెప్పలేదు. దాచడమూ కాదు అది. చెత్త తీసేస్తే చెప్పుకుంటామా?

రెండు వారాలు గడిచాయి. శనివారం మధ్యాహ్నం, ఎండ తారు మీద నీళ్ళలా ఊగుతుండగా, జెస్సీ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. మోచేతికి కట్టు ఉంది, గడ్డం మీద గీరుకుపోయి ఉంది.

"ఏంది జెస్సమ్మా, గుట్ట నీ మీద దూకిందా?"

ఆమె నవ్వలేదు. బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగింది.

"మామా, సోమవారం లారీలు వస్తాయంట. రోడ్డు కింద పరిచేదానికి ఆ గుట్టలు ఎత్తుకపోతారంట. పెద్ద గుట్ట ముందుదానికీ మూడోదానికీ మధ్య పన్నెండడుగులుంటుంది చూడు, ఏడాది నుంచీ దాన్ని దాటాలనే నేను చిన్నగుట్టల మీద నేర్చుకుంటా ఉండేది. ఇంక మిగిలింది రేపొక్కటే."

"దాటు మరి, ఎవరొద్దన్నారు?"

"దాటలేకపోతాండా. లేస్తే చాలు ముందు చక్రం ఆకాశం చూస్తాంది. రెండు వారాలుగా అంతే. చిన్న గుట్టల మీద కూడా వెనక్కి పడతాండా." కట్టు ఉన్న మోచేతిని మరో చేత్తో పట్టుకుంది. "సైకిలు మంచిదే. నాకే ధైర్యం పోయింది మామా. లేచేటప్పుడు తెలీకుండానే వెనక్కి లాగుతాండానేమో. రేపొకసారి పోతా. కాకుంటే దీన్ని ఎవరికన్నా ఇచ్చేస్తా. బ్రేకు చూసి పెట్టు, పొద్దున తీసుకపోతా."

ఆమె పోయింది. బ్రేకు బిగించి, సైకిలును గోడకు ఆనించి, బ్రహ్మం రోజూ లాగే ట్యూబుల మూట తల కింద పెట్టుకుని కళ్ళు మూశాడు. ఫ్యాను తిరుగుతూ గాలికి బదులు గుసగుసలు పంపుతోంది. రోడ్డు చప్పుళ్ళు ఒక్కొక్కటే సన్నబడి దారాల్లా తెగిపోయాయి.

అతనికి ఒక రోడ్డు కనబడింది. పలకరాయి రంగు రోడ్డు, నున్నగా, నీలంగా. దాని మీద ఊళ్ళోని పాలవాళ్ళందరూ వరసగా సైకిళ్ళ మీద పోతున్నారు. హ్యాండిళ్ళన్నీ అతను లేపినవే. పోతూ పోతూ ఉండగా హ్యాండిళ్ళు ఎదగడం మొదలుపెట్టాయి, సొర పాదులు ఎగబాకినట్టు. ముందు చక్రాలు నేల వదిలాయి. క్యాన్లు వెనక్కి ఒరిగి, పాలు తెల్లటి తీగల్లా జారి, నల్లమల కొండల మీదుగా మబ్బులై కమ్ముకున్నాయి. పాలవాళ్ళు ఎవరూ కేకలు పెట్టడం లేదు. పైకి పోతూ అతని వంక చూస్తున్నారు, అంతే. అందరి కంటే వెనక జెస్సీ ఉంది. ఆమె కూడా ఏమీ అనలేదు. ఆమె ముందు చక్రం మాత్రం లేచి, లేచి, నిలువుగా నిలబడింది.

బ్రహ్మం దిగ్గున లేచాడు. గోడకు ఆనిన సైకిలు దగ్గరికి పోయి హ్యాండిలు మీద అరచేతులు పెట్టి అదిమాడు. ఫోర్కు వెన్నలా దిగి, వదలగానే తన్నినట్టు పైకొచ్చింది. మళ్ళీ అదిమాడు. మళ్ళీ తన్నింది.

గుట్ట అంచున ఇది ఇట్లాగే తన్నితే?

పాత సామాన్ల గోతం నేల మీద బోర్లించాడు. తుప్పు మేకులు, తెగిన చైన్లు, పెడలు ముక్కలు. తెల్ల గొట్టం ముక్క లేదు. మొన్న బుధవారమే పాత ఇనుము వాడు గోతం సగం ఖాళీ చేసుకుపోయాడు. అది చెత్త కాదు. ఎవరో పని తెలిసినవాళ్ళు కొలిచి కోసి పెట్టింది. ఎంత పొడుగుందో కూడా బ్రహ్మం చూడలేదు.

సాయంత్రం షిఫ్టు దిగి, ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో ఇశ్రాయేలు అటుగా వచ్చాడు. రోజూ అక్కడ ఆగి ఒక బీడీ తాగి పోతాడు. నేల మీద ఇనుము పరుచుకుని కూర్చున్న బ్రహ్మాన్ని చూసి, "ఏందన్నా, దుకాణం ఎత్తేస్తాండావా?" అన్నాడు.

"ఎత్తే కొంప ముంచింది ఇశ్రాయేలూ." బ్రహ్మం మొత్తం చెప్పేశాడు. ముక్క, గోతం, వాషర్లు, అన్నీ. చెప్తున్నంతసేపూ ఒక పెడలును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

ఇశ్రాయేలు బీడీ పూర్తిగా తాగాడు. "పోయిన ఆదివారం పిల్ల వెల్లకిలా పడింది. నేను చూస్తానే ఉండా. లేచి నా మొహం చూడలేదు" అన్నాడు. తర్వాత, "నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పు."

"చెప్తా. కాని చెప్తే అయిపోతాదా? ఆ ముక్క ఎంత ఉండిందో నాకు తెల్దే. మళ్ళీ కోయాలంటే ఎంత కోయాల?"

"నువ్వు రాయి చీల్చేది ఎప్పుడన్నా చూసినావా?"

"నీ పక్కన కూర్చుంటే దుమ్ము తప్ప ఏం కనబడతాది?"

"కొత్తగా వచ్చినోళ్ళు అంచు నుంచి ఒక్కొక్క పొరా లేపాలని చూస్తారు. విరిగి చస్తాది. మేం అంచు ముట్టుకోం. నడిమధ్యన ఉలి పెడతాం. రెండైతాది. మళ్ళీ దాని నడిమధ్యన. మళ్ళీ దాని నడిమధ్యన. ఎంత పలచన కావాలో ముందుగా తెలియాల్సిన పని లేదు. సగం చేసుకుంటా పోతే అదే దొరుకుతాది." లేచి లుంగీ దులుపుకున్నాడు. "రేపు సైకిలూ నీ సామాన్లూ తీసుకుని గుట్ట కాడికే రా. పిల్లను నేనే తీసుకొస్తా."

ఆదివారం ఒంటిగంటన్నరకు బ్రహ్మం గని దగ్గర ఉన్నాడు. సంచిలో రెంచీలు, హాక్సా బ్లేడు, పొలాల్లో డ్రిప్పుకు వేసే నల్లపైపు బారెడు. సైకిలును తనే తొక్కుకొచ్చాడు, సీటు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా గుట్టలు, లక్షల పలకముక్కలు ఒకదాని మీద ఒకటి, ఎండ తగిలి చేపపొలుసుల్లా మెరుస్తున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఎక్కడో ఒక ముక్క జారి సన్నగా గలగలమంటుంది. ఆ వెనకాల నల్లమల, పలక మీద బలపంతో గీసి తడివేలితో సగం చెరిపినట్టుంది.

తండ్రీకూతుళ్ళు వచ్చారు. జెస్సీ ప్రార్థనకు కట్టుకున్న బట్టలు మార్చి ట్రాక్ ప్యాంటు వేసుకుంది.

"పాస్టరుగారు వాక్యం సాగదీసినారు" అన్నాడు ఇశ్రాయేలు. "ఇంట్లో కోడికూర సల్లారిపోతాందని జెస్సీవాళ్ళమ్మ తిట్టింది."

బ్రహ్మం నాన్చలేదు. "జెస్సమ్మా, నీకొకటి చెప్పాల. ఫోర్కులో ఒక ముక్క ఉండింది. చెత్తనుకుని నేనే పీకేసినా. అది పోయేసరికి ముందుభాగం లేచింది, స్ప్రింగు తన్నుతాంది. దాని మీద హ్యాండిలు కూడా లేపినా. నిన్ను వెనక్కి పడేస్తాండేది నేనే."

జెస్సీ వంగి ఫోర్కు తడిమి చూసింది.

"అంటే నేను భయపడి లాగడం లేదా?"

"లేదమ్మా."

"రెండు వారాలు మామా! రెండు వారాలు రాత్రిళ్ళు పడుకోకుండా, నేను పిరికిదాన్నైపోయినానని..." ఆమె ఒక రాయి తీసి గుట్ట కేసి విసిరింది. అది ముక్కలై జారింది. ఇంకోటి విసిరింది. "ముట్టుకోవద్దని చెప్పినా కదా నీకు!"

"చెప్పినావు."

"నోరు మాత్రం ఊరంత ఉంటాది, ఒక్క ముక్క చెప్పలేదు!"

"ముక్క విషయం ముక్కయినా చెప్పలేదు, నిజమే" అన్నాడు బ్రహ్మం. అలవాటు కొద్దీ వచ్చిన మాట. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

జెస్సీ ఇంకో రాయి తీసింది. దాన్ని విసరకుండా చేతిలోనే ఉంచుకుంది, తర్వాత కింద పడేసింది. "సరే. విప్పు" అంది.

గుట్ట నీడలో కూర్చుని బ్రహ్మం ఫోర్కు విప్పాడు. తప్పు చేసినవాడు జరిమానా దండిగా ఇచ్చుకున్నట్టు, మొదటి ముక్క నాలుగు వేళ్ళ వెడల్పున కోశాడు. కడ్డీకి తొడిగి బిగిస్తే ఫోర్కు కురచై మొండిగా నిలబడింది. జెస్సీ మోకాలెత్తు గుట్ట మీది నుంచి లేచింది. ముందు చక్రం ముక్కు మీద పడ్డట్టు దిగింది. రాళ్ళు చెదిరాయి. పడబోయి కాలూనింది.

"ఇప్పుడు తల కిందికి పోతాంది."

"మంచిది. అక్కడొక అంచు, ఇక్కడొక అంచు. నడిమధ్యకు రా" అన్నాడు ఇశ్రాయేలు.

రెండు వేళ్ళు. మళ్ళీ విప్పడం, కోయడం, బిగించడం. జెస్సీ లేచింది, దిగింది. "ఇంకా కొంచెం ముక్కు బరువు."

ఒక వేలు. "ఇప్పుడు లేస్తాంది, మొన్నటంత కాదు."

"వేలుకూ రెండు వేళ్ళకూ నడిమధ్య."

"ఎవరి వేలు? నీ వేలు సుత్తి దెబ్బలకు అప్పడమైంది, నాది మునక్కాయ" అన్నాడు బ్రహ్మం.

"ఇప్పటిదాకా ఎవరి వేలుతో కోసినావో దానితోనే కొయ్యి."

వేలున్నర ముక్క కోసి, అంచులు రాయి మీద రుద్ది నునుపు చేశాడు. పలకరాయి మీద నల్లపైపు రుద్దుతుంటే తెలియని మత్తేదో చేతుల్లోంచి పైకి పాకింది. ఎండ వాలుతోంది. ముగ్గురి నీడలూ రాళ్ళ మీద ముక్కలు ముక్కలుగా పడుతున్నాయి. ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు బిగించాడో బ్రహ్మానికి లెక్క తప్పింది. ఆ మధ్యాహ్నం ఎప్పటి నుంచో ఇట్లాగే ఉందనీ, ఇట్లాగే ఉంటుందనీ అనిపించింది.

హ్యాండిలు కింది నాలుగు వాషర్లలో రెండు తీసి పైన వేశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతని చేత్తో ఒక హ్యాండిలు దిగింది. జెస్సీ ఎదుట నిలబడి, తన భుజాలకు సరిపడేట్టు హ్యాండిలును తనే వేలి గోరంత వెనక్కి తిప్పి బిగించుకుంది. ఈసారి బ్రహ్మం చేతులు వెనక కట్టుకుని చూస్తూ ఉన్నాడు.

చిన్న గుట్ట మీది నుంచి లేచింది. రెండు చక్రాలూ ఒక్కసారిగా నేల తాకాయి. తప్పట కొట్టినట్టు ఒకటే చప్పుడు.

మళ్ళీ లేచింది. మళ్ళీ అదే ఒక్క చప్పుడు.

"నాయనా, పోతా" అంది జెస్సీ.

ఇశ్రాయేలు తలూపాడు.

ఆమె సైకిలు భుజాన వేసుకుని పెద్ద గుట్ట ఎక్కింది. పై నుంచి కిందికి బాట ఒకటి తనే తొక్కి తొక్కి నున్నగా చేసుకుని ఉంది. అది కిందికి దిగి, ముందు గుట్ట మీదికి ఎక్కి, దాని కొసన తెగిపోతుంది. అక్కడి నుంచి పన్నెండడుగులు ఏమీ లేదు. కింద గని అంచు నుంచి దొర్లిన పలకలు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. అవతల మూడో గుట్ట వాలు.

బ్రహ్మం అక్కడికి పరుగెత్తాలనుకున్నాడు. పరుగెత్తి ఏం చేస్తాడు, పడితే పట్టుకుంటాడా? వేలున్నర పైపు ముక్క ఫోర్కులో సరిగా కూర్చుందా, బోల్టు బిగించానా, అని చేతులను అడిగాడు. అవి బిగించామనే అన్నాయి. రెండు వారాల కిందటా అంతే ధీమాగా చెప్పాయి.

"ఇశ్రాయేలూ, ఆపుదామా?"

"నువ్వు ఆపు. నా మాట వినే వయసు దాటింది."

అంతలోనే ఆమె బయలుదేరింది. పలకముక్కల మీద టైర్ల కరకర, గొలుసు కిరకిర, కిందికి వచ్చేకొద్దీ రెండూ కలిసి ఒకటే హోరు. ఆమె సీటు మీద లేదు, పెడళ్ళ మీద కొంచెం వంగి నిలబడి ఉంది. ముందు గుట్ట ఎక్కేటప్పుడు ఫోర్కు దిగడం బ్రహ్మానికి కనబడింది. దిగింది, లేచింది, కానీ తన్నలేదు. ముందు చక్రం అంచు వదిలింది, వెంటనే వెనక చక్రం.

హోరు ఆగిపోయింది.

గాల్లో జెస్సీ ఉంది. ముందుభాగం పైకి లేవలేదు, కిందికి వాలలేదు. సైకిలు నీళ్ళ మీద ఆకులా సమంగా ఉంది. ఆమె జడ వెనక నిలువుగా లేచింది. ఎండ గుట్టల మీది నుంచి పైకి కొట్టి ఆమె కింది పక్కంతా వెండిరంగు చేసింది. ఆమెకు ఏ తొందరా ఉన్నట్టు లేదు. పన్నెండడుగులు దాటుతున్నట్టు కాక, అక్కడ ఉండడానికే వచ్చినట్టుంది.

తప్ మంది. రెండు చక్రాలూ అవతలి వాలు మీద ఒకేసారి. తర్వాత పలకల గలగల, కిందికి, దూరంగా, ఇంకా దూరంగా.

ఇశ్రాయేలు నేల మీద కూర్చుండిపోయాడు. బ్రహ్మం అతని పక్కన చతికిలబడ్డాడు. కాసేపటికి జెస్సీ గని చుట్టూ తిరిగి సైకిలు మీదే వచ్చింది, మొహమంతా బూడిదరంగు, పళ్ళు మాత్రం తెల్లగా. మీసాలు దువ్వుకుంటూ కూర్చున్న బ్రహ్మం ముందు ఆగింది.

"పడేసినందుకు నిన్ను ఇంకా తిట్టాల్సింది ఉంది మామా. గుర్తు పెట్టుకో."

"పెట్టుకుంటా తల్లీ. గాల్లో ఆ నడిమధ్యన ఎట్లుంటాది? అది చెప్పు ముందు."

జెస్సీ ఆలోచించింది. "ఏం ఉండదు మామా. చప్పుడే ఉండదు. మన ఊపిరి కూడా మనకు వినపడదు. ఎవరో మనల్ని కింద పెట్టేది మరిచిపోయినట్టుంటాది."

ఇశ్రాయేలు ఎండ ఎంతుందో చూశాడు. "ఇంకో గంటన్నా ఉంటాది పొద్దు" అన్నాడు.

"ఆ గంటా నాదే" అంటూ ఆమె సైకిలు మళ్ళీ భుజానికెత్తుకుని గుట్ట వైపు నడిచింది.